గిటారు అంచున దాగిన లెక్క

మీలో చాలామంది గిటారును చూచే ఉంటారు. ఈసారి ఎవరి చేతిలోనైనా కనిపిస్తే తీగల సంగతి కాసేపు పక్కన పెట్టి దాని అంచు చూడండి. పైపలకా పక్కపలకా కలిసేచోట తెల్లగానో, నల్లగానో, గోధుమరంగులోనో ఒక సన్నని గీత చుట్టూ తిరిగి ఉంటుంది. దాన్ని రంగు గీత అనుకుంటారు చాలామంది. నిజానికి అది ప్రత్యేకంగా కూర్చిన పట్టీ. చెక్క అంచున గాడి తీసి, పట్టీని వంచి, అందులో జిగురుతో అతికిస్తారు. దానిని బైండింగ్ అంటారు. మనం అంచు పట్టీ అందాం.

మరి ఆ గాడి తీయటం ఎలా? గిటారు ఒళ్ళంతా వంకరలే. పొట్ట దగ్గర బయటికి, నడుము దగ్గర లోపలికి, మళ్ళీ బయటికి వంగుతుంది. స్కేలు ఆనించటానికి తిన్నని అంచు ఎక్కడా దొరకదు. అయినా గాడి లోతు చుట్టూ ఒకే తీరుగా ఉండాలి. తల వెంట్రుక మందమంత తేడా వచ్చినా కంటికి కనిపిస్తుంది. ఇంత కచ్చితమైన పనిని ఒక చిన్న బేరింగు చేసిపెడుతుంది. ఎలా చేస్తుందో నాకు తెలిసింది ఒక తప్పిపోయిన లెక్క వల్ల.

వడ్రంగి బల్ల మీద తప్పిన లెక్క

మా బారువలో వడ్రంగి పని చేసే ఒకతను నా పాత విద్యార్థి. కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం నన్ను తన పాకలోకి పిలిచాడు. బల్ల మీద ఒక పాత గిటారు ఉంది. సముద్రపు గాలికీ వాన తేమకూ దాని అంచు పట్టీ ఊడిపోయింది. పైపలక అంచు అక్కడక్కడ పెచ్చులు లేచింది. ఊడిన పట్టీ మందం 1.5 మిల్లీమీటర్లు. పెచ్చులు లేచిన భాగం కూడా తొలగిపోవాలంటే గాడిని ఇంకొంచెం లోపలికి తీసి, 2.5 మి.మీ. మందం గల కొత్త కర్రపట్టీ కూర్చాలని అతని ఆలోచన.

అందుకు ట్రిమ్మర్ మిషనూ, 19 మి.మీ. వ్యాసం గల బిట్టూ, బిట్టు కొనకు తగిలించే 16 మి.మీ. బేరింగూ తెచ్చుకున్నాడు. అతని లెక్క ఇది: 19 లోంచి 16 తీసివేస్తే 3. పట్టీకి రెండున్నర, జిగురుకు అర. సరిపోయింది!

అయితే మంచి పనివాడు కనుక గిటారు మీద పెట్టకముందు ఒక పనస ముక్క మీద కోసి చూశాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానంలో కూల్చిన ఎన్నో చెట్లలో ఒకదాని తాలూకు ముక్క అది. గాడి వచ్చింది. పట్టీని అందులో పెడితే ఒక మిల్లీమీటరు బయటికి పొడుచుకు వచ్చింది.

"ఏటి మాస్టారూ, బేరింగు అబద్ధం చెప్పినాదా? మీరు నేర్పిన తీసివేతే కదండీ చేసినాను" అన్నాడు.

వెర్నియర్ కాలిపర్స్‌తో గాడి లోతు కొలిచాము. సరిగా 1.5 మి.మీ. వచ్చింది. అంటే అతను అనుకున్న దానిలో సగం. బేరింగు అబద్ధం చెప్పలేదు. తీసివేత కూడా తప్పు కాదు. తీసివేశాక చెయ్యవలసిన పని ఒకటి మిగిలిపోయింది. అదేమిటో మీకు ఈసరికే తట్టి ఉండవచ్చు. తట్టకపోయినా ఫరవాలేదు, మెల్లగా అక్కడికే వస్తాము.

అంచున పట్టీ ఎందుకు?

ముందు, అసలు ఈ పట్టీ ఎందుకో తెలుసుకుందాం.

చెక్కను సన్నని గొట్టాల కట్ట అనుకోండి. చెట్టు బతికి ఉన్నప్పుడు నీరు వేళ్ళనుంచి కొమ్మలకు ఎక్కేది ఈ గొట్టాల గుండానే. చెట్టును కొట్టి పలక చేసినా ఆ గొట్టాలు అలాగే ఉంటాయి. పలక కొసన వాటి నోళ్ళు తెరుచుకొని ఉంటాయి. అందుచేత చెక్క తన ముఖం నుంచి కన్న కొస నుంచి ఎన్నో రెట్లు వేగంగా తేమను పీల్చుకుంటుంది, అంతే వేగంగా వదులుతుంది. తేమ చేరినప్పుడు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా మాత్రం దాదాపు పెరగదు. ఉబ్బటం, కుదించుకోవటం మళ్ళీ మళ్ళీ జరిగితే అంచున నెర్రె పుడుతుంది. వానాకాలంలో బిగిసిపోయే మీ ఇంటి తలుపు వేసవిలో వదులు కావటానికి కారణం కూడా ఇదే.

గిటారు పైపలక మందం సుమారు 3 మి.మీ. మాత్రమే. పక్కపలక ఇంకా పలచన, సుమారు 2 మి.మీ. ఇంత పలచని పలకల మీద ఆరు ఉక్కు తీగలు బిగిస్తే, అన్నీ కలిసి సుమారు 70 కిలోల బరువు వేలాడదీసినంత బలంతో లాగుతాయి. ఒక పెద్దమనిషి బరువన్నమాట! ఈ లాగుడును తట్టుకోవటంలో పలకల అతుకులకు పెద్ద పాత్ర ఉంది. రెండు పలకలూ అతకటానికి చోటు చాలాలి కదా. అందుకని పక్కపలకకు లోపలివైపు ఇంకొక పట్టీ అంటించి, ఆ చోటును వెడల్పు చేస్తారు.

అంచు పట్టీ మూడు పనులు చేస్తుంది. పైపలక కొసల్లోని గొట్టాల నోళ్ళు మూసి తేమను ఆపుతుంది. ఎక్కడైనా తగిలితే ఆ దెబ్బ తాను కాచుకుంటుంది. అతుకును కప్పి అందాన్నిస్తుంది. కాని పట్టీకి చోటివ్వాలంటే గాడి తీయాలి, గాడి తీసిన మేర అతుకు తగ్గుతుంది. గాడి లోతు తక్కువైతే పట్టీ బయటికి పొడుచుకువస్తుంది. దాన్ని గీకి సరిచేసుకోవచ్చు. లోతు ఎక్కువైతే గిటారు బలమే తగ్గుతుంది. కోసిన చెక్క తిరిగి రాదు. అందుకే ఈ చిన్న లెక్క తప్పకూడదు.

బిట్టు తిరుగుతుంది, బేరింగు దొర్లుతుంది

ఇప్పుడు బిట్టును చూద్దాం. మిషనులో బిగించటానికి ఒక కాడ, దాని కింద రెండు కోతపళ్ళు, పళ్ళ కింద ఒక చిన్న ఊస, ఊసకు తగిలించిన బాల్ బేరింగు ఉంటాయి. పళ్ళకు టంగ్‌స్టన్ కార్బైడ్ అనే గట్టి పదార్థం అతికి ఉంటుంది. ఇది మామూలు ఉక్కు కన్న చాలా గట్టిది.

ఇటువంటి చిన్న మిషను నిమిషానికి 25,000 సార్లు తిరుగుతుందనుకుందాం. బిట్టు వ్యాసం 19 మి.మీ. అయితే దాని చుట్టుకొలత సుమారు 59.7 మి.మీ. దీన్ని 25,000తో హెచ్చవేయండి. పంటి కొన నిమిషానికి దాదాపు 1,490 మీటర్లు పరుగెడుతున్నది. గంటకు లెక్కవేస్తే సుమారు 90 కిలోమీటర్లు! మన స్టేషను దాటిపోయే రైలు వేగం ఆ చిన్న పంటికి ఉన్నది.

ఇప్పుడు ఒక ప్రశ్న. బేరింగు బదులు ఊసనే కాస్త లావుగా చేసి గిటారు పక్కకు ఆనిస్తే ఏమవుతుంది? ఊస కూడా బిట్టుతోపాటు నిమిషానికి 25,000 సార్లు తిరుగుతూ చెక్కను రాపాడుతుంది. రాపిడి వల్ల వేడి పుడుతుంది. క్షణంలో చెక్క మాడి నల్లని చార పడుతుంది.

బాల్ బేరింగు ఈ చిక్కు విప్పుతుంది. అందులో రెండు ఉంగరాలు, వాటి నడుమ ఉక్కు గోళీలు ఉంటాయి. లోపలి ఉంగరం బిట్టుతోపాటు తిరుగుతుంది. బయటి ఉంగరం చెక్కకు ఆని, చెయ్యి తోసిన మేరకే దొర్లుతుంది. మీరు మిషనును నిమిషానికి 2 మీటర్ల చొప్పున తోస్తే, 14 మి.మీ. బేరింగు బయటి ఉంగరం నిమిషానికి 45 చుట్లు మాత్రమే తిరుగుతుంది. ఒకే వస్తువులో లోపల 25,000, బయట 45! జారే రాపిడిని దొర్లే రాపిడిగా మార్చటమే ఇందులోని కిటుకు. బండ్ల ఇరుసుల కోసం గోళీలు అమర్చే ఏర్పాటుకు వేల్స్ దేశస్థుడు ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు పొందాడు. ఆనాటి బండి ఇరుసు సూత్రమే ఈనాడు గిటారు అంచు దగ్గర పనిచేస్తున్నది.

సగం మరిచిపోకండి

మర్నాడు తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీద రెండు వృత్తాలు గీశాను. కేంద్రం ఒకటే. పెద్దది బిట్టు, వ్యాసం 19. చిన్నది బేరింగు, వ్యాసం 16. చిన్న వృత్తానికి ఒక పక్కన ఆనేటట్టు గిటారు అంచును గీశాను. వడ్రంగి లెక్క చెప్పి, తప్పెక్కడ అని అడిగాను.

కాసేపు అందరూ ఊరుకున్నారు. తరువాత వెనక బల్ల మీది ఒక అమ్మాయి లేచి, "బిట్టు కన్న బేరింగు రెండు పక్కలా కలిపి మూడు తక్కువండి. కాని చెక్క ఒక పక్కనే ఉంది కదండీ" అన్నది.

అదే జవాబు. పళ్ళు బేరింగును దాటి చెక్కలోకి వెళ్ళే దూరం వ్యాసాల తేడా కాదు, వ్యాసార్ధాల తేడా. కాబట్టి:

గాడి లోతు = (బిట్టు వ్యాసం – బేరింగు వ్యాసం) ÷ 2

మనకు కావలసిన లోతు ముందే తెలుసు. కావలసినది బేరింగు. కనుక సూత్రాన్ని తిప్పి రాసుకుందాం:

బేరింగు వ్యాసం = బిట్టు వ్యాసం – (2 × గాడి లోతు)

2.5 మి.మీ. లోతు కావాలంటే 19 – 5 = 14. అంటే 14 మి.మీ. బేరింగు తగిలించాలి.

బజారులో ఇవి నంబర్ల మీద దొరుకుతాయి. మీలో కొందరు వేలి మీద తిప్పే స్పిన్నరులో ఉండేది చాలావరకు 608 నంబరు బేరింగు. ఇటువంటి చిన్న బేరింగుల్లో చివరి అంకె లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. 608కి రంధ్రం 8 మి.మీ. మా వడ్రంగి బిట్టుకు ఉన్న ఊస 5 మి.మీ. కనుక చివర 5 ఉన్న నంబర్లు చూడాలి. 19 మి.మీ. బిట్టుకు అవి ఇచ్చే గాడి లోతులు ఇవి:

625 నంబరు: బయటి వ్యాసం 16 మి.మీ., గాడి లోతు 1.5 మి.మీ.
605 నంబరు: బయటి వ్యాసం 14 మి.మీ., గాడి లోతు 2.5 మి.మీ.
695 నంబరు: బయటి వ్యాసం 13 మి.మీ., గాడి లోతు 3 మి.మీ.
685 నంబరు: బయటి వ్యాసం 11 మి.మీ., గాడి లోతు 4 మి.మీ.

గమనించారా? బేరింగు చిన్నదయ్యేకొద్దీ గాడి లోతవుతుంది. ఒక్క బిట్టుకు నాలుగు బేరింగులుంటే నాలుగు బిట్లు ఉన్నట్టే. పైగా బేరింగులను ఎంతో నిక్కచ్చిగా తయారుచేస్తారు. మామూలు తరగతి బేరింగులో సైతం ఈ సైజుల్లో బయటి వ్యాసం తేడా మిల్లీమీటరులో నూరో వంతుకు మించదు. అంత కచ్చితమైన కొలబద్ద కొన్ని పదుల రూపాయలకే దొరుకుతున్నది.

ఇక జిగురుకు విడిచిన అర మిల్లీమీటరు సంగతి. బాగా కుదిరిన అతుకులో జిగురు పొర కాగితం కన్న పలచన. అర మిల్లీమీటరు సందు ఉంటే జిగురు దాన్ని నింపుతుందే గాని బలంగా పట్టదు. కాబట్టి జిగురుకంటూ వేరే లెక్క వెయ్యనక్కర లేదు.

నిజానికి నేర్పుగల పనివారు గాడిని పట్టీ మందం కన్న వెంట్రుకవాసి తక్కువ లోతుగానే తీస్తారు. పట్టీ పిసరంత పైకి ఉంటే అతికించిన తరువాత గీకి సమం చెయ్యవచ్చు. అందుకు వేరే బేరింగు అక్కర్లేదు. బేరింగు నడిచే దారిలో గిటారు పక్కకు పారదర్శక టేపు ఒక వరస అంటిస్తే చాలు. టేపు మందం సుమారు 0.05 మి.మీ. బేరింగు అంతమేర బయటికి జరుగుతుంది, గాడి లోతు అంత తగ్గుతుంది. టేపు తేడాను మాత్రం సగం చెయ్యకూడదు. ఎందుకో ఆలోచించండి!

బేరింగుకు కళ్ళు లేవు

బేరింగు గొప్పతనమే దాని లోపం కూడా. తాను ఆనిన పక్కపలక ఎటు పోతే అటు పోతుంది. పలక మీద ఎండిన జిగురు బొట్టు ఉంటే దాన్ని ఎక్కి దిగుతుంది. ఆ చోట గాడి లోతు తగ్గుతుంది. పలక మీద పల్లం ఉంటే దానిలోకి దిగుతుంది, గాడి లోతు పెరుగుతుంది. పలక మంచిచెడ్డలు యథాతథంగా గాడిలోకి దిగుతాయి. అందుకే కోతకు ముందు పక్కలను చెయ్యి పెట్టి తడిమి, గీకి నున్న చెయ్యాలి.

రెండో చిక్కు ఇంకా తమాషాగా ఉంటుంది. చాలా గిటార్ల పైపలక బల్లలా చదునుగా ఉండదు. మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు 7.5 మీటర్ల వ్యాసార్ధం గల ఒక పెద్ద గోళంలో ముక్క అనుకుందాం. మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరాన, అంచు దగ్గర, పలక ఒకటిన్నర డిగ్రీ వాలుతుంది. మిషను పీట ఆ వాలు మీద కూర్చుంటే బిట్టు కూడా ఒకటిన్నర డిగ్రీ ఒరుగుతుంది. 6 మి.మీ. ఎత్తు గల గాడిలో పైకీ కిందకీ సుమారు 0.16 మి.మీ. తేడా వస్తుంది. వెంట్రుక మందానికి రెండింతలు! పట్టీ ఒక కొసన ఆని, రెండో కొసన సందు విడుస్తుంది. దీనికి విరుగుడుగా పనివారు మిషనును నిటారుగా పట్టి ఉంచే ఒక స్తంభానికి తగిలించి, గిటారును ఉయ్యాల వంటి చట్రంలో పెట్టి, గిటారునే తిప్పుతారు. మిషను పైకీ కిందకీ జరుగుతుంది గాని పక్కకు ఒరగదు.

మూడో చిక్కు మూలలది. గుండ్రని బిట్టు వాడి మూలలోకి పోలేదు. నడుము వంపు పెద్దది కనుక అక్కడ ఇబ్బంది లేదు. కాని కొన్ని గిటార్లలో మెడ పక్కన ముక్కు తీరిన కోత ఉంటుంది. మెడ అతికిన గిటారయితే మెడే అడ్డుపడుతుంది. అక్కడ మిషనును ఆపి, ఉలితోనే పని ముగించాలి.

పుల్ల చెక్కే తీరు

పుల్లకు మొన చెక్కేటప్పుడు కత్తిని ఎటు నడుపుతారు? లావు వైపు నుంచి సన్నని కొస వైపుకు. ఎదురు నడిపితే కత్తి నారల కిందికి దూరి, పెళ్ళ లేచిపోతుంది. గిటారు అంచున కూడా ఇదే సూత్రం. పైపలక నారలు మెడ నుంచి అడుగుకు నిలువుగా ఉంటాయి. కాబట్టి బిట్టును గిటారు బాగా వెడల్పైన చోటు నుంచి నడుము వైపుకో, కొసల వైపుకో నడపాలి. నడుము నుంచి వెడల్పు వైపుకు నడిపితే అంచు చీలుతుంది.

కాని ఇందులో ఒక మెలిక ఉంది. బిట్టు ఒకే దిశలో తిరుగుతుంది. మామూలుగా మిషనును బిట్టు తిరుగుడుకు ఎదురుగా తోయాలి. అప్పుడే అది చేతికి లొంగి ఉంటుంది. నారలు కోరే దిశ, బిట్టు కోరే దిశ గిటారు చుట్టుకొలతలో సగం భాగాల్లో కలుస్తాయి, సగం భాగాల్లో కలవవు. కలవనిచోట బిట్టు మిషనును ముందుకు ఈడ్చుకుపోవాలని చూస్తుంది. అటువంటిచోట గట్టిగా పట్టుకొని, కొద్దికొద్దిగా, పలచని పొరలుగా కోయాలి.

తోసే వేగం కూడా ముఖ్యమే. రెండు పళ్ళు నిమిషానికి 25,000 చుట్లు తిరిగితే 50,000 కోతలు పడతాయి. నిమిషానికి 2 మీటర్లు తోస్తే ఒక్కొక్క కోతకు 0.04 మి.మీ. ముందుకు పోతుంది. భయపడి మరీ మెల్లగా తోస్తే పళ్ళు కోయటం మాని చెక్కను రుద్దటం మొదలుపెడతాయి. మాడు వాసన వస్తుంది.

చెయ్యి చేసే లెక్క

మిషన్లు రాకముందు ఈ గాడి తీయలేదా? తీశారు. స్పెయిను దేశపు గిటారు పనివారు గ్రామిల్ అనే పనిముట్టు వాడతారు. ఒక కర్రకు చిన్న కత్తి, కత్తికి కొంత దూరంలో ఒక ఆనుడు చెక్క ఉంటాయి. ఆనుడు చెక్క గిటారు పక్కను తాకుతూ నడిస్తే, కత్తి అంతే దూరంలో గీత కోస్తుంది. తరువాత ఉలితో గాడి తీస్తారు. మన వడ్రంగుల దగ్గర ఉండే గీత గేజి కూడా ఇటువంటిదే.

ఆనుడు చెక్క చేసే పనే బేరింగు చేస్తున్నది. ఒక్కటే తేడా. గేజిలో 2.5 మి.మీ. కావాలంటే 2.5 దగ్గరే బిగిస్తాం. సగం గొడవ లేదు. బిట్టు గుండ్రంగా తిరిగే వస్తువు కనుక, మనం కొలిచేది వ్యాసం కనుక, అక్కడ సగం వచ్చి చేరింది.

మన ప్రాంతంలోనూ ఇటువంటి పనితనానికి కొదవ లేదు. విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. ఒకే పనస దుంగను తొలిచి కుండ, దండి కలిపి చేసే ఏకండి వీణకు వారు పేరుపొందారు. గిటారులో పలచని పలకలను వంచి అతికిస్తారు. ఏకండి వీణలో ఒకే చెక్కను తొలుస్తారు. కాబట్టి గిటారులో పక్కపలకల చుట్టూ ఉండే అతుకుల గొడవ దీనికి లేదు. అయినా కుండ మీద పలక మూసే చోట అంచు ఉండనే ఉంటుంది, ఆ అంచుకు పట్టీల అలంకారమూ ఉంటుంది. ఉలీ, గేజీ, వేలికొస కలిసి అక్కడ గాడి లోతు తేలుస్తాయి. తప్పిన లోతును కనిపెట్టటానికి వారి వేలు చాలు. మన వేలికి ఆ అనుభవం లేదు కనుక మనకు వెర్నియర్ కావాలి!

చేసి చూడండి

మిషను లేకుండానే ఈ సూత్రాన్ని మీరు ఇంట్లో పరీక్షించవచ్చు. మందపాటి అట్టను గిటారు ఆకారంలో కత్తిరించి, తెల్ల కాగితం మీద కదలకుండా అంటించండి. పెన్సిలు దూరేటంత రంధ్రమున్న ఇనుప వాషరు ఒకటి తీసుకోండి. వాషరును కాగితం మీద పడుకోబెట్టి, అట్ట అంచుకు ఆనించి, రంధ్రంలో పెన్సిలు నిలబెట్టి, అట్ట చుట్టూ నడపండి. అట్టకు చుట్టూ సమాన దూరంలో ఒక గీత వస్తుంది. ఆ దూరం కొలవండి. పెన్సిలు రంధ్రంలో వదులుగా లేకపోతే, ఆ దూరం వాషరు వ్యాసంలో సగం ఉంటుంది.

ఇప్పుడు అట్ట అంచున ఒక బియ్యపు గింజ అంటించి మళ్ళీ నడపండి. గీత ఆ చోట ఎలా ఉబ్బిందో చూడండి. తరువాత అట్టలో లోపలికి ఒక వాడి మూల కత్తిరించి నడపండి. వాషరు ఆ మూల కొసదాకా పోదు. బేరింగు పడే ఇబ్బందులన్నీ మీ కాగితం మీదే కనిపిస్తాయి.

అసలు మిషనును మాత్రం పిల్లలు ముట్టుకోకూడదు. పనిచేసే పెద్దవారిని దూరం నుంచి చూడండి. వారు బిట్టు మార్చేముందు ప్లగ్గు తీస్తారు. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ కడతారు. చెక్కపొడి తేలికగా తీసుకోదగినది కాదు. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. 6 మి.మీ. కాడ వేరు, పావు అంగుళం కాడ వేరు. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. పెద్ద పట్టులో చిన్న కాడ బిగిస్తే తిరుగుతూ తిరుగుతూ జారి బయటికి వస్తుంది. మూడింట ఒక వంతు మిల్లీమీటరు తేడా ప్రాణం మీదికి తెస్తుంది.

మన వంటి సముద్ర తీరాన మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఉప్పుగాలికి బేరింగు గోళీలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన బేరింగు బయటి ఉంగరం దొర్లటం మాని బిట్టుతోపాటు తిరుగుతుంది. అది ఊసను ఆనించినట్టే, చెక్క మాడుతుంది. అందుకని పనికి ముందు, ప్లగ్గు తీసి ఉన్నప్పుడే, బేరింగును వేలితో తిప్పి చూడాలి. గరగరమంటే మార్చాలి.

మళ్ళీ బల్ల దగ్గరికి

తరగతిలో తేలిన జవాబు ఆ సాయంత్రమే వడ్రంగికి చెప్పాను. పలాస నుంచి 605 నంబరు బేరింగు తెప్పించాడు. మళ్ళీ పనస ముక్క మీదే మొదట కోశాడు. వెర్నియర్ 2.5 చూపింది. అప్పుడు గిటారు పక్కకు ఒక వరస టేపు అంటించి, రెండు విడతలుగా కోశాడు. మెడ దగ్గర ఉలితో ముగించాడు. పట్టీ గాడిలో కూర్చున్న తరువాత వేలితో రాస్తే వెంట్రుకవాసి మాత్రమే పైకి తగిలింది. అది గీకటానికి పది నిమిషాలు పట్టింది.

"సగం మరిచిపోయినాను మాస్టారూ, అంతే" అన్నాడు నవ్వుతూ.

మరిచిపోవటం తప్పు కాదు. పరీక్ష కాగితం మీద మరిచిపోతే ఒక మార్కు పోతుంది. గిటారు మీద మరిచిపోతే గిటారు పోతుంది. అతన్ని కాపాడింది నేను నేర్పిన తీసివేత కాదు, గిటారు కన్న ముందు పనస ముక్క మీద కోసి చూసే అలవాటు. ప్రయోగం చేసి చూడటం అంటే అదే కదా!

ఆలోచించండి

1. బిట్టు వ్యాసం 22 మి.మీ., కావలసిన గాడి లోతు 2 మి.మీ. ఎంత బేరింగు కావాలి?

2. 635 నంబరు బేరింగు బయటి వ్యాసం 19 మి.మీ. దాన్ని 19 మి.మీ. బిట్టుకు తగిలిస్తే గాడి లోతు ఎంత? అది ఏ పనికి వస్తుంది?

3. సాన పట్టి సాన పట్టి 19 మి.మీ. బిట్టు 18.8 మి.మీ. అయింది. 14 మి.మీ. బేరింగుతో ఇప్పుడు గాడి లోతు ఎంత?

4. కొన్ని గిటార్లలో అంచు పట్టీ పక్కన, పైపలక మీద, మరొక అలంకార పట్టీ ఉంటుంది. దానికోసం లోపలికి ఎక్కువ, కిందికి తక్కువ ఉండే రెండో మెట్టు గాడి తీయాలి. బేరింగు బిట్టు కిందనే ఉంటుంది. రెండు గాళ్ళలో ఏది ముందు తీయాలి?

జవాబులు

1. 18 మి.మీ.

2. సున్న. గాడి పడదు. పైపలక పక్కపలక కన్న బయటికి పొడుచుకువచ్చి ఉంటే, దాన్ని పక్కతో సమంగా కోయటానికి పనికివస్తుంది.

3. 2.4 మి.మీ.

4. కిందికి తక్కువ ఉన్న గాడి ముందు తీయాలి. అప్పుడు దాని కింద బేరింగు ఆనటానికి కోయని పక్కపలక ఉంటుంది. కిందికి ఎక్కువ ఉన్న గాడిని ముందు తీస్తే, రెండోసారి బేరింగు ఆ గాడిలోకే దిగి, లోతు అంతా తప్పిపోతుంది.